ముప్పై ఏడున్నర గంటల శనివారం

మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. ఆ సంగతి గుర్తు లేకుండా, ఫిబ్రవరిలో అక్క దగ్గరికి వెళ్ళడానికి బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి శనివారం మధ్యాహ్నం రెండున్నర విమానానికి టికెట్లు తీశాను.

నేరుగా వెళ్ళే విమానం. గాల్లో దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, మాకు పట్టింది 16 గంటలు. మారతహళ్ళిలో మా ఇంటి నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి నలభై కిలోమీటర్లు ఉంటుందేమో, హెబ్బాళ ట్రాఫిక్ దయవల్ల దానికే రెండు గంటలు!

రెండో టెర్మినల్లో పైకప్పు నుంచి వేలాడే మొక్కల కింద కూర్చుని అమ్మ స్టీలు డబ్బా మూత తీసింది. పులిహోర. "ఇంక రేపటిదాకా అన్నం ముట్టను నాయనా" అంది తింటూ.

వెళ్ళేముందు మా వాడి గ్లోబు మీద రెండు ఊళ్ళకీ దారం బిగించి చూశాను. గోడ మీది మ్యాప్ చూస్తే యూరప్ మీదుగా పోవాలనిపిస్తుంది గానీ దారం మాత్రం టిబెట్, మంగోలియా, సైబీరియా ఎక్కి అలాస్కా వైపు నుంచి దిగింది. తీరా మా విమానం అలా కూడా పోలేదు, పసిఫిక్ మీదికి తిరిగింది. అక్కడ పైన పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో మహా జోరుగా ఉంటుంది, దారి కాస్త ఎక్కువైనా ఆ గాలి వెనక నుంచి తోస్తుంటే టైమూ ఇంధనమూ కలిసొస్తాయి. సీటు ముందు స్క్రీన్లో వేగం గంటకి 1,100 కిలోమీటర్లు దాటడం చూశాను.

చీకటి పడింది, అమ్మ పాలు తాగి పడుకుంది. మళ్ళీ కిటికీలో వెలుగొచ్చేసరికి లేచి, "తెల్లారింది కదా, ఆదివారమేనా?" అంది. అప్పుడే పసిఫిక్ నడుమ తేదీ మారే గీత (అంతర్జాతీయ దినరేఖ) దాటాం, తూర్పుకి దాటితే ఒకరోజు వెనక్కి పోతుంది. పది నిమిషాల క్రితం అడిగుంటే ఆదివారమే, ఇప్పుడు మళ్ళీ శనివారం పొద్దున. ఎలా చెప్పాలో తెలీక గీత సంగతి చెప్తే, నా వైపు జాలిగా చూసి టిఫిన్ ట్రే వెనక్కి పంపేసింది.

దిగేసరికి శనివారం సాయంత్రం ఐదు. ఇమిగ్రేషన్ లైనూ, కారు ప్రయాణమూ అయ్యి అక్క ఇల్లు చేరేసరికి ఎనిమిది. చలికాలంలో రెండు ఊళ్ళకీ పదమూడున్నర గంటల తేడా, అంటే మాకు ఆ శనివారం మొత్తం ముప్పై ఏడున్నర గంటలు. అక్క వంకాయ కూర, పప్పు చేసి పెట్టింది. అమ్మ గోడ గడియారం వంక చూసి, ఆలోచించి, "తిరుమలలో ఇప్పుడు ఏ వారం?" అంది.

"ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర."

"అయితే వడ్డించు."

తిరుగు ప్రయాణం ఏప్రిల్లో, శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి. ఈసారి ఆ గాలికి ఎదురు పోకుండా ఉత్తరంగా, మంచు మీదుగా తీసుకొచ్చారు, అయినా పదిహేడున్నర గంటలు పట్టింది. 2021 జనవరిలో ఈ రూట్లో ఎయిర్ ఇండియా మొదటి విమానాన్ని అంతా మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు తెచ్చారని చెప్తే అమ్మ అదొక్కటే శ్రద్ధగా వింది. మేం దిగింది ఆదివారం తెల్లవారుజామున మూడింటికి. ఈ వారం శనివారం తప్పిపోయింది, అమ్మకి ఒక్కపొద్దు బాధ లేదనుకున్నాను నేను. కానీ బయల్దేరేముందు అక్క అన్నానికి పిలిస్తే, "తిరుమలలో శనివారం తెల్లారిపోయిందే" అని పాలు మాత్రమే తాగి కారెక్కింది. విమానంలో పెట్టిన అన్నం ఒక్కపూట తిని సరిపెట్టుకుంది.

బ్యాగులు తీసుకుని బయటికి రాగానే అడిగింది, "ఈ వేళప్పుడు ఇడ్లీ ఎక్కడ దొరుకుద్ది?"