మధ్యయుగపు చర్చిలు, వాటి మరమ్మతులు

మధ్యయుగపు చర్చి అనగానే ఎవరో మహాశిల్పి ఊహించిన రూపం ఉన్నదున్నట్టుగా రాతిలో నిలబడిందని అనుకుంటాం గానీ, ఇంగ్లండులోని పెద్ద కేథడ్రళ్ల (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చిల) చరిత్ర చదివేకొద్దీ నాకు అక్కడ ఎక్కువగా కనిపిస్తున్నది మరమ్మతే. జనం మెడలెత్తి చూసే భాగాల్లో కొన్ని మొదటి నమూనాలోనే లేవు.

ఈలీ కేథడ్రల్ నడిమి గోపురం 1322 ఫిబ్రవరిలో ఒక రాత్రి కుప్పకూలింది. పక్కనే మేరీమాత ప్రార్థనాలయానికి పని మొదలుపెట్టిన మరుసటి ఏడాదే ఇది జరిగింది. కట్టడాల బాధ్యత చూస్తున్న అలన్ ఆఫ్ వాల్సింగ్‌హామ్ అనే సన్యాసి, అదే చోట మళ్లీ నాలుగు స్తంభాల మీద గోపురం ఎత్తే సాహసం చేయకుండా, బరువును ఎనిమిది స్తంభాలకు పంచి అష్టకోణపు మంటపం కట్టించాడు. అంత వెడల్పును రాతితో కప్పడం కుదరదు కాబట్టి పైభాగమంతా కలపతోనే చేశారు. కింద నిలబడి చూస్తే రాతి కమానులుగా తోచేవి నిజానికి రంగు వేసిన చెక్క; బరువు మోసే ఓక్ దూలాలు వాటి వెనుక దాగి ఉంటాయి. గోపురం కూలకపోయి ఉంటే ఇంత గొప్ప వడ్రంగం పుట్టేదే కాదు.

వెల్స్ కేథడ్రల్‌లో గోపురం ఎత్తు పెంచాక కింద పగుళ్లు రావడంతో, 1338 తర్వాత పదేళ్లలో మూడు వైపులా కమాను మీద తలకిందులుగా మరో కమాను నిలిపి ఊతమిచ్చారు. అది చర్చి లోపలి చూపును అడ్డుకుంటుందనే మాట నిజమే, అయినా నా ఓటు దానికే. సాలిస్‌బరీలో అయితే 123 మీటర్ల శిఖరం బరువుకు స్తంభాలు వంగిన సంగతి కంటికే తెలుస్తుంది.

వించెస్టర్ తూర్పు భాగాన్ని 13వ శతాబ్దంలో బురదనేల మీద బీచ్ చెట్ల దుంగలు పరిచి కట్టారు. ఏడు వందల ఏళ్లకు గోడలు ఒరిగాయి. పునాది కింద తవ్వితే గోతులు నీటితో నిండేవి, ఆ నీరు తోడేస్తే గోడలే కూలే ప్రమాదం. అందుకని విలియం వాకర్ అనే, నీటి అడుగున పనిచేసే డైవర్ 1906 నుంచి 1911 వరకు, చేతి స్పర్శే ఆధారంగా, ఆ చిమ్మచీకటి నీటిలో దిగి కాంక్రీటు బస్తాలు పేర్చాడు. అడుగు గట్టిపడ్డాకే నీరు తోడి, తాపీ పనివాళ్లు మిగతాది నింపారు. దక్షిణపు గోడకు ఇప్పుడు కనిపించే ఊతగోడలు కూడా ఆ మరమ్మతులో కట్టినవే తప్ప మధ్యయుగానివి కావు.