ఆర్సీలో ఉన్న ఆ 17 అక్షరాలు

మా కారు సెకండ్ హ్యాండ్‌ది, బొబ్బిలిలో ఒకాయన దగ్గర కొన్నాం. మొన్న నాన్న సాలూరు నుంచి విజయనగరం వస్తుంటే, రామభద్రపురం దాటాక ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకాలే లారీ. ఆ మాట వినగానే నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

ఆ రాత్రే ఆర్సీ తీసి, ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టాను. అంకెలూ అక్షరాలూ కలిపి 17. మొదటిసారి తప్పని వచ్చింది. సున్నాని ‘ఓ’ అనుకున్నాను. అంకెలతో పొరబడతామనే ఆ నంబర్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరట. సరిచేసి కొడితే వచ్చింది: ఫ్యూయల్ పంప్ రీకాల్, అంటే ఆ పంప్‌లో లోపం ఉందని కంపెనీయే బండ్లని సరిచేయడానికి వెనక్కి పిలవడం. అందులో మా బండి కూడా!

కంపెనీ ఉత్తరం పాత ఓనర్ అడ్రస్‌కి వెళ్లి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు మాత్రం ఎవరో చెబుతారని కూర్చోకండి, మీరే చూసుకోండి.

“ఎంతవుతుందిరా?” అన్నారు నాన్న. ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. సర్వీస్ సెంటర్‌లో పంప్ మార్చి, రీకాల్ పని పూర్తయినట్టు జాబ్ కార్డు మీద రాయించుకున్నాను.

పార్వతీపురం మావయ్యని కూడా ఆర్సీ ఫొటో పంపమన్నాను. ఇంకా పంపలేదు. రాత్రికి మళ్లీ ఫోన్ చేస్తాను.