వేరా, పూలకాడా? మా ఫెలనాప్సిస్ ఆర్కిడ్ డైరీ

సెప్టెంబరు 8

ఆఖరి పువ్వు కూడా రాలింది. జూన్‌లో నర్సరీ నుంచి 650 రూపాయలకు తెచ్చాను. తెల్ల రేకులు, మధ్యలో వంకాయరంగు. దాదాపు మూడు నెలలు నిలిచాయి, ఆ లెక్కన డబ్బులు ఎప్పుడో తీరిపోయాయి. ఇప్పుడు అసలు టెన్షన్: ఆకులు తోలులా మెత్తబడి వేలాడుతున్నాయి. నీళ్లు చాలలేదేమోనని రోజూ పోస్తూ వచ్చాను. అదే నా తప్పు.

కుండీలోంచి తీసి చూస్తే, వేళ్ల మధ్యలో నాచు ముద్ద ఒకటి. పిండితే నీళ్లు కారాయి. చుట్టూ పైన ఎండినట్టు కనిపించేది, లోపల మూడు నెలలుగా తడి ఆరనేలేదు. ఆరు వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. చేత్తో లాగితే పైతొక్క జారిపోయి, లోపల దారంలాంటి పీచు మిగులుతోంది. అంటే కుళ్లినట్టే. గట్టిగా ఉన్నవి నాలుగే. బ్లేడును మంటలో కాల్చి కుళ్లినవన్నీ కోసేశాను, కోసిన చోట మాత్రం దాల్చినచెక్క పొడి అద్దాను. మంచి వేళ్లకు అది తగలకూడదు, ఎండిపోతాయి. వాడిన పూలకాడనూ మొదలంటా తీసేశాను. ఈ నీరసంలో మొక్కకు అదో బరువు.

కొత్త ఇల్లు: పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, అడుగునా పక్కలకూ కాల్చిన మేకుతో చిల్లులు. లోపల పైన్ బెరడు ముక్కలు, కొంచెం బొగ్గు. బొగ్గు మా వీధి ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చుకుని కడిగాను. మట్టి ఒక్క చెంచా కూడా లేదు.

అత్తయ్య చూసి, “మామిడి కొమ్మకు పట్టే బదనిక లాంటిదే కదమ్మా ఇది?” అన్నారు. కాదండీ అత్తయ్యా, బదనిక చెట్టు రసం పీలుస్తుంది, ఇది ఊరికే కొమ్మను పట్టుకుని వేలాడుతుంది, వానా గాలీ దానికి చాలు అన్నాను. “మరి దాన్ని చెట్టుకే కట్టక డబ్బాలో ఎందుకు పెట్టావ్?” అన్నారు. మూడో అంతస్తులో చెట్టెక్కడ తేను?

అక్టోబరు

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆకులు మెల్లగా గట్టిపడ్డాయి. నీళ్ల విషయంలో మాత్రం ఒకటి తెలిసింది. డబ్బాలోంచి కనిపించే వేళ్లు తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండిరంగులో ఉంటాయి. వెండిరంగు వచ్చాకే ఉదయంపూట బేసిన్‌లో పావుగంట నానబెట్టి, పూర్తిగా వోడ్చి కిటికీలో పెడుతున్నాను. ఐదారు రోజులకోసారి వస్తోంది. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దేస్తాను, అక్కడ కుళ్లితే మొక్కే పోతుంది. మా బోరు నీళ్లు పోస్తే డబ్బా అంచుకు తెల్లని పెచ్చు కట్టింది. అందుకని బకెట్లో పట్టిన వాన నీళ్లు, అవి అయిపోయాక ఫిల్టర్ నీళ్లు.

నవంబరు 2

రెండో ఆకు కింద అగ్గిపుల్ల తలంత పచ్చని బొడిపె! ఫోన్ టార్చి వేసి పది ఫొటోలు తీశాను. ఫ్యామిలీ గ్రూపులో “మళ్లీ పూస్తోంది” అని పెట్టేశాను కూడా.

నవంబరు 14

పెట్టకుండా ఉండాల్సింది. బొడిపె సెంటీమీటరు పెరిగింది. కొన గుండ్రంగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది, దాని వెనకాల వెండి తొడుగు వచ్చేసింది. అంటే ఇది వేరు, పూలకాడ కాదు. గ్రూపులో అందరూ ఎప్పుడు పూస్తుందని అడుగుతున్నారు.

అయినా ఇప్పుడు ఆలోచిస్తే పూల కన్నా ఇదే మంచి వార్త. నాలుగు వేళ్లతో నెట్టుకొస్తున్న మొక్క ఐదోది వేసిందంటే కోలుకుంటున్నట్టే. ఈ ఆదివారం నుంచి ఎరువు: 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది), లీటరు నీళ్లకు అర గ్రాము, రెండు వారాలకోసారి. అంతకన్నా చిక్కగా పోస్తే వేరుకొనలు నల్లబడతాయి.

డిసెంబరు 19

నెల రోజులుగా కిటికీ తలుపు రాత్రిళ్లు తెరిచే ఉంచుతున్నాను. హైదరాబాద్ చలి ఈ మొక్కకు వరం. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటి ఉంటే ఇది ఆకులే వేసుకుంటూ పోతుంది. కొన్ని వారాలు 25కు లోపు చల్లదనం తగిలితేనే పూలకు తయారవుతుంది. మా కిటికీ దగ్గర థర్మామీటరు తెల్లవారుజామున 17 చూపిస్తోంది.

ఇవాళ మూడో ఆకు మొదట్లో, ఆకూ కాండమూ కలిసే మూలలో, ఇంకో బొడిపె. ఈసారి గ్రూపులో ఏమీ పెట్టలేదు. బొడిపె పక్కన అగ్గిపుల్ల గుచ్చి ఎత్తు గుర్తు పెట్టాను.

డిసెంబరు 31

ఇది కాడే. కొన గుండ్రంగా లేదు. బొటనవేలు విడిగా ఉన్న ఊలు చేతితొడుగులా, కాస్త చపటగా, ఒక పక్క చిన్న నొక్కుతో ఉంది. వెండి తొడుగు లేదు, మొత్తం పచ్చనే. పైగా వేరు కిందికి వంగి బెరడులోకి దూరుతుంది, ఇది మెడెత్తి వెలుతురు వైపు చూస్తోంది. బొడిపె సెంటీమీటరు దాటేదాకా ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదని నా అభిప్రాయం.

జనవరి

కాడ 14 సెంటీమీటర్లు. చీపురుపుల్ల గుచ్చి, పాప జుట్టు క్లిప్పుతో వదులుగా పట్టించాను. డబ్బాను తిప్పడం మానేశాను. తిప్పిన కొద్దీ కాడ వెలుతురు కోసం మెలికలు తిరుగుతుంది.

ఫిబ్రవరి 16

ఏడు మొగ్గలు, పెద్దది బఠాణీ గింజంత. కొనాకున్న రెండు నిన్న పసుపుబారి రాలిపోయాయి. కోనసీమ నుంచి మా ఆడపడుచు పంపిన అరటిగెల వారంగా ఆ కిటికీ పక్కనే మాగుతోంది. మాగే పళ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు ఆర్కిడ్ మొగ్గలు రాలతాయి. గెలను వంటింట్లోకి మార్చాను. ఇవాళ ఒక్కటీ రాలలేదు.

మార్చి 11

మొదటి పువ్వు విచ్చుకుంది. బొడిపె కనిపించిన నాటి నుంచి 82 రోజులు. అడుగు ఆకు పసుపుబారుతోంది కానీ అది ముసలి ఆకు, దాని మానాన రాలనిచ్చాను. గ్రూపులో ఫొటో పెడితే అత్తయ్య ఒక్క మాటే రాశారు: “ఈసారి వేరు కాదుగా?”

ఏప్రిల్ 9

ఐదు పూలూ నిలిచే ఉన్నాయి. ఎండలకు నాలుగు రోజులకోసారి నానబెట్టాల్సి వస్తోంది. కిటికీకి పల్చటి పాత చీర కట్టాను.

కాడ కింది నుంచి రెండో కణుపు మీద పొర ఇవాళ కొంచెం విచ్చుకుంది. లోపల పచ్చని మొన. పక్క కొమ్మ కావచ్చు. వేడికి కణుపుల్లో పిలకలు వస్తాయి కాబట్టి పిలకైనా కావచ్చు. పిలకైతే దానికి రెండు మూడు వేళ్లు అంగుళంన్నర రెండంగుళాలు పెరిగేదాకా తల్లి నుంచి విడదీయకూడదు. మొన పక్కన కాడకు దారంతో ఓ అగ్గిపుల్ల కట్టాను.