గోడ మీది నుంచి కేసులోకి

రెండేళ్లపాటు నా గిటారు గోడకు వేలాడుతూ ఉండేది. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా కనిపించేది, నాలుగు అడుగులు వేస్తే చేతికి అందేది. అలా కళ్ల ముందు ఉండడం వల్లే రోజూ వాయించడం అలవాటైంది. అందుకే దాన్ని కేసులో, అంటే గిటారు పెట్టెలో పెట్టమని ఎవరు చెప్పినా నేను వినలేదు. ఒక పొడి కాలంలో, రాత్రిపూట వాయిస్తుండగా ఎడమ చేయి గిటారు మెడ వెంట జారుతూ ఎక్కడో గీరుకుంది. వేలితో తడిమి చూశాను. మెడకు అడ్డంగా ఉండే సన్న కడ్డీల, అంటే ఫ్రెట్ల చివరలు, అవి దిగి ఉండే ఫ్రెట్‌బోర్డు పలక అంచు దాటి పదునుగా బయటికి వచ్చి ఉన్నాయి. కొన్ని నెలల ముందు అక్కడ చేయి నున్నగా జారేది.

ఫ్రెట్లు పెరగలేదు, అవి లోహం. తగ్గింది చెక్క. గాలి పొడిబారితే చెక్క తనలోని తేమను వదిలి కుంచించుకుపోతుంది. పొడవులో ఆ మార్పు దాదాపు తెలియదు, వెడల్పులో తెలుస్తుంది. ఫ్రెట్‌బోర్డు వెంట్రుకవాసి ఇరుకైతే చాలు, ఫ్రెట్ చివర చేతికి గుచ్చుకుంటుంది. పై పలక విషయంలో మాత్రం నష్టం చేతికి గుచ్చుకోవడంతో పోదు. అది 3 మిల్లీమీటర్ల మందం కూడా ఉండని, స్ప్రూస్ అనే చెట్టు చెక్క పలక. లోపలి వైపు దానికి అడ్డంగా, ఏటవాలుగా బద్దలు అంటించి ఉంటాయి. పలక ముడుచుకోవాలని చూస్తుంది, బద్దలు కదలనివ్వవు. చివరికి పలక తన చార వెంట చీలుతుంది. నాది, తీగలు బిగించే బ్రిడ్జ్ అనే చెక్క ముక్క వెనక నుంచి అంచు వైపు వేలెడు పొడవున చీలింది. దీపం కింద ఆ గీతను మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపులో చేయి పెట్టి తిప్పినట్లయింది.

బాగుచేసే ఆయన వెంటనే జిగురు పట్టించలేదు. ముందు కొన్ని రోజులు గిటారును తేమ ఉన్న చోట ఉంచారు. చెక్క నీటిని పీల్చుకుని ఉబ్బేసరికి చీలిక చాలావరకు తనంతట తానే దగ్గరపడింది. ఆ తర్వాతే జిగురు పెట్టి, లోపల చిన్న చెక్క బిళ్లలు అంటించారు. ఫ్రెట్ల చివరలను ఆకురాయితో రాయమని నేను అడిగితే, “ఇప్పుడే వద్దు, చెక్క కోలుకున్నాక చూద్దాం” అన్నారు. ఆయన మాట నిజమే. కొన్ని వారాల్లో అవి వాటి చోటికి అవే వెళ్లాయి. వెళ్లేటప్పుడు ఆయన ఒక్కటే అడిగారు: “ఇంట్లో ఎక్కడ పెడతారు?” గోడకు అన్నాను. “ఏ గోడకు?” అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు కోసమే గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ కొన్నాను. దాన్ని నమ్మే ముందు పరీక్షించాను. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్ద అయ్యేంతవరకే నీళ్లు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని సంచిలో ఒక రోజు ఉంచాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నాది 69 చూపించింది, అంటే చూపిన అంకెకు 6 కలుపుకోవాలి. అలా కలుపుకుని చూస్తే గిటారు వేలాడిన చోట 34 శాతం, అదే గదిలో లోపలి మూలన 41 శాతం ఉంది. కారణం ఆ గోడ పక్కనే ఉన్న హీటరు. గాలిలోని నీరు అంతే ఉన్నా, వేడెక్కిన కొద్దీ దాని తేమ శాతం పడిపోతుంది. గిటారుకు కావలసింది 45 నుంచి 55 వరకు. గదిలో అన్నిటికంటే చెడ్డ చోటును ఎంచి మరీ దాన్ని వేలాడదీశానన్నమాట.

గది మొత్తాన్ని అదుపులో పెట్టడం నావల్ల కాలేదు. హార్డ్ కేసు మాత్రం గిటారుకు సరిపోయే చిన్న గది. ఇప్పుడు అందులో మూడు తేమ పొట్లాలు ఉంటాయి: రెండేమో తీగల మధ్య నుంచి పై పలకలోని గుండ్రటి రంధ్రంలోకి వేలాడుతూ, ఒకటి మెడ చివర తీగలు బిగించే తల కింద. 49 శాతం దగ్గర నిలిపేలా తయారైనవి ఇవి. గాలి పొడిగా ఉంటే తేమ వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. తడి స్పాంజి రకాన్ని కూడా వాడాను, కానీ అది ఇవ్వడమే తప్ప తీసుకోదు. సరిగ్గా పిండకపోతే చుక్కలు లోపలి చెక్క మీద పడతాయి. వానాకాలంలో కష్టం ఎదురు దిశలో వస్తుంది. పలక ఉబ్బుతుంది, దానితో బ్రిడ్జ్ లేస్తుంది, తీగలు ఫ్రెట్లకు దూరమై వేళ్లు నొప్పి పుడతాయి, మోత మందగిస్తుంది. ఆ రోజుల్లో వాయించిన వెంటనే కేసులో పెట్టేస్తాను.

కేసులో ఉంటే వాయించడం తగ్గుతుందని భయపడ్డాను. కుర్చీ పక్కనే, నడుము వంచకుండా తెరవగలిగే ఎత్తులో ఒక బల్ల వేసి దాని మీద పెట్టాక ఆ భయం పోయింది. ఒక నియమం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పాను: కేసు మూస్తే గొళ్లేలన్నీ వేయాలి, లేకపోతే బార్లా తెరిచే ఉంచాలి. మూత వాలి గొళ్లెం పడని కేసును ఎవరైనా పిడి పట్టి లేపితే గిటారు నేల మీద పడుతుంది. గిటారు తల విరిగే దారుల్లో ఇది ఒకటి, గోడకు ఆనించి వదిలేయడం ఇంకొకటి.

తీగలను వదులు చేసి పెట్టాలా అని చాలామంది అడుగుతారు. రోజూ వాయించే గిటారుకు అక్కర్లేదు. సన్న స్టీలు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. మెడ, దాని లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఆ లాగుడుకు తగ్గట్టే సర్దుకుని ఉంటాయి. నెలల తరబడి ముట్టనప్పుడు మాత్రం నేను ఒక స్వరం మేర దించుతాను, పూర్తిగా వదలను. నైట్రోసెల్యులోజ్ అనే రకం లక్క పూత ఉన్న గిటారైతే స్టాండు రబ్బరు తగిలే చోట నూలు గుడ్డ చుట్టాలి, లేకపోతే ఆ రబ్బరు పూతను మెత్తబరిచి మచ్చ చేస్తుంది. పలక ప్లైవుడ్‌దైతే తేమ మార్పులను మెరుగ్గా తట్టుకుంటుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఏ గిటారునూ వదలకండి, ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ ఊడివస్తుంది.

పొట్లాలను పదిహేను రోజులకొకసారి వేళ్లతో నొక్కి చూస్తాను. మెత్తగా, జిగటగా కదిలితే ఇంకా పనిచేస్తున్నట్లు. అంచులు బిగుసుకుని గట్టిగా తగిలితే మార్చాలి. పొడి నెలల్లో నావి రెండు నెలలకే గట్టిపడుతున్నాయి.