ముందు ఫోకస్ జరపండి, తర్వాతే బటన్ ఆపండి

మా టీమ్‌లో ఎవరు డైలాగ్ బాక్స్ (యూజర్‌ని ఏదైనా అడిగే చిన్న విండో) కోడ్ రివ్యూకి పంపినా నేను మొదట చేసే పని మౌస్ పక్కకు తోసేయడం. ట్యాబ్, షిఫ్ట్-ట్యాబ్, ఎంటర్, స్పేస్, ఎస్కేప్, బాణం కీలు. వీటితోనే పని మొత్తం నడవాలి. "మౌస్‌తో బాగానే ఉంది కదా" అంటారు. ఎందుకుండదు? క్లిక్ చేసిన చోటికి ఫోకస్, అంటే కొట్టిన కీ ఎవరికి అందాలో చెప్పే గుర్తు, దానంతటదే వెళ్తుంది మరి.

నాకు ఎక్కువగా తగిలే తప్పు విజార్డ్‌లలో, అంటే పేజీ తర్వాత పేజీగా నడిచే డైలాగ్‌లలో ఉంటుంది. యూజర్ 'తర్వాత' బటన్ మీద ఎంటర్ కొట్టుకుంటూ చివరి పేజీకి వస్తాడు. ఇక ముందుకెళ్లేది లేదు కాబట్టి కోడ్ ఆ బటన్‌ను డిసేబుల్ చేస్తుంది, అంటే పనిచేయకుండా ఆపేస్తుంది. ఫోకస్ మాత్రం ఇంకా దాని మీదే! విండోస్‌లో డిసేబుల్ అయిన కంట్రోల్‌కి (బటన్, ఎడిట్ బాక్స్ లాంటిది) కీబోర్డ్ ఇన్‌పుట్ అందదు. అలా డిసేబుల్ చేసే ఎనేబుల్‌విండో ఫంక్షన్ ఫోకస్‌ను ఇంకో చోటికి జరపదు కూడా. అప్పుడు ట్యాబ్ కొట్టినా, ఎస్కేప్ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. మౌస్ వాడలేని మనిషికి ఆ డైలాగ్ అక్కడితో చచ్చినట్టే. ఆపబోయే బటన్ మీదే ఫోకస్ ఉందా అని గెట్‌ఫోకస్‌తో చూసి, ఉంటే ముందు 'ముగించు' మీదికి జరిపి, ఆ తర్వాత డిసేబుల్ చేయాలి.

జరపడమంటే సెట్‌ఫోకస్ ఫంక్షన్‌ను పిలవడం అనుకుంటారు చాలామంది. దానితో ఫోకస్ వెళ్తుంది గానీ, డిఫాల్ట్ బటన్ (ఎంటర్ కొడితే నొక్కుకునేది) అని చూపే అంచు పాత బటన్ దగ్గరే ఉండిపోతుంది. డైలాగ్‌కి డబ్ల్యూఎం_నెక్స్ట్‌డీఎల్‌జీసీటీఎల్ మెసేజ్ పంపితే డిఫాల్ట్ బటన్ సంగతీ, ఎడిట్ బాక్స్‌లో టెక్స్ట్ సెలెక్ట్ చేయడమూ విండోస్‌లోని డైలాగ్ మేనేజరే చూసుకుంటుంది. ఆ మెసేజ్‌తో వెళ్లే రెండు విలువల్లో, డబ్ల్యూపారామ్‌లో కంట్రోల్ హ్యాండిల్ (దాన్ని గుర్తించే విలువ), ఎల్‌పారామ్‌లో ట్రూ ఇవ్వాలి. ఆ ట్రూ బదులు ఫాల్స్ వెళ్తే ఫోకస్ మీరడిగిన చోటికి కాక, వెనకున్న కంట్రోల్‌కి పోతుంది. ఆ వింత చూసి జుట్టు పీక్కున్నవాళ్లు నాకు తెలుసు.

డైలాగ్ తెరుచుకునేటప్పుడు మీరే ఫోకస్ పెడితే అప్పుడు వచ్చే డబ్ల్యూఎం_ఇనిట్‌డైలాగ్ మెసేజ్ నుంచి ఫాల్స్ రిటర్న్ చేయండి. ట్రూ ఇస్తే మీరు పెట్టింది పోయి, సిస్టమ్ తనకు నచ్చిన మొదటి కంట్రోల్‌కే ఇస్తుంది.

ఇక 'చెరిపేయమంటారా?' అని అడిగే మెసేజ్‌బాక్స్‌కి, రెండో బటన్‌ను డిఫాల్ట్ చేసే ఎంబీ_డెఫ్‌బటన్2 ఇచ్చి ఫోకస్ 'వద్దు' మీద ఉంచుతాను. దీని మీద ప్రతిసారీ వాదనే, ఒక ట్యాబ్ ఎక్కువ కొట్టాలట. వేరే పనిలో ఏదో టైప్ చేస్తున్నవాడి వేలు స్పేస్ మీద పడేసరికి బాక్స్ ఊడిపడితే, అదేం అడిగిందో చదివేలోపే 'అవును' నొక్కేసినట్టు అవుతుంది. అందుకే ఆ ఒక్క ట్యాబ్ కొట్టించడానికి నాకేం మొహమాటం లేదు.