"పని ఉంటాదా మేడం?"

28 ఆగస్టు 2025, గురువారం, నెల్లూరు

నిన్న వినాయక చవితి సెలవు. మన సరుకు మీద అమెరికా 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది కూడా నిన్ననే. పొద్దున మా రొయ్యల ప్లాంటుకి వెళ్ళేసరికి పనిచేసే ఆడవాళ్ళు గేటు దగ్గరే గుంపులుగా నిలబడి ఉన్నారు. రొయ్యల ఫ్యాక్టరీలన్నీ మూసేస్తున్నారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "పని ఉంటాదా మేడం?" అని ఒకామె సూటిగా అడిగేసింది. ఈరోజే చెప్తాను, టీ టైమ్‌లో అందరూ క్యాంటీన్‌లోకి రండి అన్నాను.

తొమ్మిదింటికి మేనేజ్‌మెంట్ మీటింగ్. ఇప్పుడే ఏమీ చెప్పొద్దు, చెప్తే పని మానేసి పోతారు అని ఎక్కువమంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనం చెప్పకపోతే వాళ్ళకి తెలియకుండా ఉంటుందా? వాళ్ళు విన్న పుకారు అసలు సంగతి కంటే ఘోరంగా ఉంది. పైగా పని మానేసి పోయేవాళ్ళు భయంతో పోతారు గానీ, నిజం విని కాదు. కాసేపు వాదన జరిగాక సరే అన్నారు. ఏది కచ్చితంగా చెప్పగలమో, ఏది ఇంకా తేలలేదో అక్కడే విడదీసి రాసుకున్నాం.

ముందుగా లైన్ సూపర్‌వైజర్లను పిలిచి కూర్చోబెట్టాను. ఇది నేను ఎప్పుడూ తప్పనివ్వను. బస్సులో, డ్రెస్ మార్చుకునే గదిలో అందరూ అడిగేది వాళ్ళనే. మాకూ ఇప్పుడే తెలిసింది అని వాళ్ళు అనాల్సి వస్తే పరువు పోయేది వాళ్ళదే, ఆ తర్వాత వాళ్ళ మాట ఎవరూ వినరు.

లోపల హాల్లో మాట్లాడితే లాభం లేదు. మెషిన్ల హోరు, ఐసు చల్లదనం. తలకి క్యాప్, మూతికి మాస్క్. కళ్ళు తప్ప ఏమీ కనిపించవు, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో పట్టుకోలేం. క్యాంటీన్‌లో మాస్కులు తీసి, టీ గ్లాసు చేతికొచ్చాకే మొదలుపెట్టాను. హెడ్ ఆఫీసు సర్క్యులర్ చదవలేదు. "మన రొయ్య అమెరికాలో దిగితే వంద రూపాయల సరుకుకి యాభై రూపాయలు పన్ను. పాత సుంకాలు కూడా కలిపితే యాభై ఎనిమిది దాటుతుంది. ఈక్వడార్ రొయ్యకి ఈ కొత్త పన్ను పదిహేనే. కొనేవాడు ఎవరి దగ్గర కొంటాడు?" అన్నాను. అందరికీ ఎక్కింది. సైజుల వారీగా ఏరే గ్రేడింగ్ టేబుల్ దగ్గర కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ధర చెప్పగల మనుషులు వాళ్ళు, వ్యాపారం తెలియనివాళ్ళు కాదు.

సెప్టెంబరు నెలాఖరు దాకా పగటి షిఫ్టు ఉంటుంది, ఇది కచ్చితం. ఓవర్‌టైమ్ రేపటి నుంచి ఉండదు. నైట్ షిఫ్టు సంగతి ఇంకా తేలలేదు, తేలినా తేలకపోయినా సెప్టెంబరు 15 సోమవారం ఇక్కడే నిలబడి చెప్తాను అన్నాను. ఓవర్‌టైమ్ మాట వినగానే చాలామంది మొహాలు మాడిపోయాయి. ఆ డబ్బులు పిల్లల ఫీజులకీ చీటీలకీ పోతాయని నాకు తెలుసు. అయినా దాన్ని మెత్తగా చుట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఒడిశా అమ్మాయిల్లో తెలుగు బాగా వచ్చిన పిల్లని పిలిచి, నీకు అర్థమైంది నాకు ఒకసారి చెప్పు, తర్వాత మీవాళ్ళకి మీ భాషలో చెప్పు అన్నాను. "నెల తర్వాత మూసేస్తారు" అంది! మళ్ళీ మొదటి నుంచి చెప్పి, తను సరిగ్గా తిరిగి చెప్పాకే హాస్టల్ వాళ్ళ దగ్గరికి పంపాను. అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. తిరిగి చెప్పించుకుంటేనే మాట ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది.

ప్రశ్నలు అడగమంటే కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. నేనూ తొందరపడలేదు. అప్పుడు ఒక పెద్దామె లేచింది. "టైగర్ రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు మాకెవురూ ఒక్క మాట చెప్పలా మేడం. పొద్దున పొయ్యేసరికి గేటుకి తాళం. మీరు చెప్పినారు, అంతే చాలు" అంది. 1994-95 నాటి మాట అది. ఈ తీరంలో చెరువులు ఎండబెట్టుకున్న కుటుంబాలు ఇంకా ఆ దెబ్బ మర్చిపోలేదు. ఆమె అలా అన్నాక మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అడిగారు.

ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఒకామె బస్సు ఉంటుందా అని అడిగింది. ఉంటుందమ్మా అని ఊరుకోబోయి, ఎందుకు అడుగుతున్నావని కదిపాను. నైట్ షిఫ్టు ఆగితే రెండు రూట్లు కలిపేస్తారేమో, ఊరు చేరేసరికి పొద్దుపోతే ఇంట్లో పనికి పంపరని ఆమె బెంగ. షిఫ్టుల లెక్కలో మేమెవరమూ ఆ సంగతి ఆలోచించలేదు. మీటింగుల్లో మాట్లాడటం కంటే ఇలా ఒక్కరిని కదిపి వినడమే నా ఉద్యోగంలో అసలు పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

రాత్రి షిఫ్టు వాళ్ళకి ఎనిమిదింటికి నేనే వెళ్ళి ఇవే మాటలు చెప్పి వచ్చాను, గ్రూపులో మెసేజ్ పెట్టి వదిలేయలేదు. వాళ్ళ టెన్షన్ ఇంకా ఎక్కువ, అది సహజమే. రేపు పొద్దున ముందుగా ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళతో రూట్ల గురించి మాట్లాడాలి. టీ టైమ్ లోపు ఇందుకూరుపేట ఆమెకి ఏదో ఒక జవాబు చెప్తానని మాటిచ్చాను.