పద్దెనిమిది సిలిండర్ల గొంతు

సిడ్నీ నుంచి దక్షిణ తీరం వెంబడి సాగే రైలు వొలంగాంగ్ దాటి ఆల్బియన్ పార్క్ స్టేషన్‌లో ఆగేసరికి ఉదయం పదిన్నర దాటింది. దారి పొడవునా ఒకవైపు అడవి కప్పుకున్న కొండచరియ, మరోవైపు సముద్రం కనువిందు చేస్తున్నా, నా మనసు వాటి మీద నిలవలేదు. ఎన్నో ఏళ్లుగా రికార్డింగుల్లో మాత్రమే వింటూ వచ్చిన రేడియల్ ఇంజిన్ల, అంటే సిలిండర్లను చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన పాత విమాన ఇంజిన్ల, శబ్దాన్ని ఒక్కసారైనా ఒంటికి తగిలేంత దగ్గరగా నిలబడి వినాలన్న కోరికతో బయలుదేరిన ప్రయాణం ఇది.

స్టేషన్‌కు దగ్గరలోనే షెల్‌హార్బర్ విమానాశ్రయం ఉంది. పాత విమానాలను బాగుచేసి కాపాడే హిస్టారికల్ ఎయిర్‌క్రాఫ్ట్ రెస్టోరేషన్ సొసైటీ, క్లుప్తంగా హార్స్, తన విమానాలను అక్కడే కాపాడుకుంటోంది. విమానాలను నిలిపే హ్యాంగర్‌లో అడుగుపెట్టగానే వేడెక్కి చల్లారిన ఇంజిన్ నూనె వాసన పలకరించింది. ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి నిలబడిన డీసీ-3ని ముందు చూశాను. 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన ఈ రకం విమానానికి రెక్కకొక ఇంజిన్. ఎక్కువ భాగం విమానాలకు అమర్చిన ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్‌లో రెండు వరుసల్లో పద్నాలుగు సిలిండర్లు, సుమారు 1,200 అశ్వశక్తి. దాని పక్కన, 2016లో దక్షిణాఫ్రికా నుంచి ఎగిరి వచ్చిన కాన్‌వేర్ 440 ఉంది. ఆ రెండింటి ముందు మరెప్పుడైనా గంటలకొద్దీ నిలబడేవాణ్ణే కానీ, ఆ రోజు నా కళ్లు బయట తారు నేల మీద ఎండలో నిలిచి ఉన్న లాక్‌హీడ్ సూపర్ కాన్‌స్టెలేషన్ వైపే లాగాయి.

ఆ విమానం అందాన్ని ఫోటోలు సరిగా చెప్పలేవని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. పొడవాటి గొట్టానికి రెక్కలు తగిలించినట్టుండే నేటి విమానాల మధ్య ఇది నీటిలోంచి పైకి లేస్తున్న డాల్ఫిన్‌లా ఉంటుంది. వెన్ను మెల్లగా పైకి వంగి, నడుము దగ్గర నిండుగా ఉండి, తోకవైపు సన్నబడుతూ మళ్లీ పైకి లేస్తుంది. ముందు చక్రం కాళ్లు అంత పొడవుగా ఉండడానికి కారణం, ఆ పెద్ద ప్రొపెల్లర్లు నేలకు తగలకుండా చూసుకోవడమే. తోక మీద మూడు నిలువు రెక్కలు పెట్టింది ముచ్చట కోసం కాదు. ఒకే ఎత్తయిన రెక్క పెడితే ఆనాటి హ్యాంగర్లలో పట్టదు. అవసరం కోసం పుట్టిన ఆ మూడు రెక్కలే ఈ విమానాన్ని ఆకాశంలో ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టే గుర్తుగా మారాయి.

అమెరికా వైమానిక దళంలో పనిచేసి, ఆరిజోనా ఎడారిలో విశ్రాంతికి చేరిన ఈ విమానాన్ని హార్స్ సభ్యులు అక్కడే బాగు చేసుకుని, 1996లో పసిఫిక్ దాటించి ఆస్ట్రేలియాకు ఎగిరించి తీసుకొచ్చారు. వాళ్లు దాన్ని ముద్దుగా కాన్నీ అని పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఇంట్లో పెద్దావిడ గురించి మాట్లాడుతున్నంత ఆప్యాయత ధ్వనించింది.

ఆ మధ్యాహ్నం ఇంజిన్లను నేల మీదే నడిపి చూస్తామని ఒక వృద్ధ మెకానిక్ చెప్పారు. మమ్మల్ని తాడు వెనుక నిలబెట్టి, నిప్పు ఆర్పే సిలిండరుతో ఒక మనిషి రెక్క దగ్గర నిలిచాక, కుడివైపు లోపలి ప్రొపెల్లర్ మెల్లగా కదిలింది. ఇంజిన్ ఇంకా రాజుకోలేదు. స్టార్టర్ దాన్ని ఊరికే తిప్పుతోంది. కాక్‌పిట్‌లోని వాళ్లు తమ ముందు దాటే ప్రొపెల్లర్ రెక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెడతారని మెకానిక్ వివరించారు. విమానం ఆగి ఉన్నప్పుడు నూనె కిందికి దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. నూనె గాలిలాగా నొక్కుకుపోదు కనుక, అది నిండి ఉండగా ఇంజిన్‌ను రాజేస్తే పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఏ ఆటంకమూ లేకుండా తిరుగుతోందని నమ్మకం కుదిరాకే, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటో స్విచ్ వేస్తారు.

ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఎగ్జాస్ట్ నుంచి తెల్లగా, నీలంగా ఒక పొగమబ్బు రెక్క కింద నుంచి ఉబికి వచ్చింది. సిలిండర్లలో మిగిలిన నూనె కాలిన పొగ అది. రెండు మూడు సిలిండర్లు అందుకుని, మరో రెండు తడబడి, కొన్ని క్షణాల పాటు ఇది నడుస్తుందో ఆగుతుందో తెలియని స్థితిలో ఊగిసలాడి, ఒక్కసారిగా ఆ ఇంజిన్‌లోని పద్దెనిమిది సిలిండర్లూ కలిసి పలికాయి. ఆ క్షణంలో నా పక్కటెముకల్లో కలిగిన అదురు ఏ స్పీకరూ నాకు అంతవరకు ఇవ్వలేదు.

ఒక్కో వరుసలో తొమ్మిదేసి సిలిండర్లు ఎందుకని నేను అడిగితే, మెకానిక్ వేళ్ల మీద చూపించారు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరిగే లోపు ప్రతి సిలిండరూ ఒకసారి మండాలి. సిలిండర్ విడిచి సిలిండర్‌గా ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది మండితే, వెంటనే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వంతు వస్తుంది. లయ ఎక్కడా తెగదు. సంఖ్య సరిసంఖ్య అయితే రెండో చుట్టులో మళ్లీ మొదటి సిలిండర్ దగ్గరికే వచ్చి పడుతుంది. తబలా మీద తాళం కుదరడం లాంటి ఆ లెక్క తెలిశాక, అంతవరకు ఒకే గర్జనగా వినిపించిన దానిలో నాకు విడివిడి దెబ్బలు వినిపించడం మొదలైంది.

నాలుగు ఇంజిన్లూ నడిచేసరికి మాటలు వినపడలేదు. రైట్ ఆర్-3350 ఇంజిన్ ఒక్కొక్కటీ సుమారు 55 లీటర్లది. సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గుల చొప్పున ఒక ఇంజిన్‌కు 36, నాలుగింటికీ కలిపి 144. ఇంజిన్లు వేడెక్కాక ప్రతి ఇంజిన్‌కూ ఉండే రెండు మాగ్నెటోలను ఒక్కొక్కటిగా ఆపి చూసే పరీక్ష మొదలైంది. ఒక మాగ్నెటో ఆపగానే గొంతు కొంచెం దిగి, మళ్లీ రెండూ కలిపితే పైకి లేచింది. నేను ప్రొపెల్లర్‌నే చూస్తున్నాను. మెకానిక్ కళ్లు మూసుకుని వింటున్నారు. గొంతు ఎంత దిగిందన్నదే కాదు, ఎలా దిగిందన్నది కూడా చెవికి తెలియాలని తరువాత ఆయన చెప్పారు. ఒక ప్లగ్గు మూగబోతే ఆ దిగడంలో ఒక కుంటు వస్తుందట. అది ఏ సిలిండర్‌దో పట్టడానికి ఆ మాగ్నెటో మీదే కాసేపు నడిపి ఆపి, మిగతా వాటికన్నా చల్లగా ఉన్న సిలిండర్‌ను వెతుకుతారట.

ఇంజిన్లు ఆగాక ఆయన ఫ్లైట్ ఇంజినీర్ పని గురించి చెప్పారు. మీటర్ల గోడ ముందు కూర్చుని ఒకరు ప్రయాణం పొడుగునా ఇంజిన్ల బాగోగులు కనిపెట్టేవారు. ఏ సిలిండర్ నిప్పురవ్వ బలహీనపడిందో తెరమీద గీతల రూపంలో చూపే ఇగ్నిషన్ ఎనలైజర్ కూడా ఆ ఇంజినీర్ ముందు ఉండేది. తరువాతి సూపర్ కాన్‌స్టెలేషన్లలో ప్రతి ఇంజిన్ మీదా, వృథాగా పోయే ఎగ్జాస్ట్ వేగాన్ని పట్టి క్రాంక్ షాఫ్ట్‌కు తిరిగి అందించే మూడు టర్బైన్లు అమర్చారు. పిస్టన్ ఇంజిన్ నుంచి అంతకన్నా శక్తిని రాబట్టడం కష్టమన్న చివరి మెట్టు అది. క్వాంటాస్ 1958 జనవరిలో ఈ విమానాలతోనే ప్రపంచం చుట్టూ సర్వీసు మొదలుపెట్టింది. 1959 జూలైలో అదే సంస్థ సిడ్నీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బోయింగ్ 707 జెట్ నడిపింది. ఇంత నేర్పు శిఖరానికి చేరిన తరువాత దానికి దక్కిన కాలం అంతే అని ఆలోచిస్తుంటే నాకు నిజంగా బాధ కలిగింది.

అవతల, 2015లో ఇక్కడికే వచ్చి ఆగిన క్వాంటాస్ బోయింగ్ 747 నిలబడి ఉంది. మనుషులు ఎక్కువగా దాని వైపే నడుస్తున్నారు. నేను కాన్‌స్టెలేషన్ రెక్క కిందనే ఉండిపోయాను. చల్లారుతున్న లోహం టిక్కు టిక్కుమంటోంది. మెకానిక్ రేకు ట్రేలను ఒక్కొక్క ఇంజిన్ కిందికి జరిపారు. కాసేపటికి మొదటి నూనె చుక్క పడింది, తరువాత పక్క ట్రేలో మరొకటి.